క్యాంపు గేటు ముందు నేనన్న మాట

మా ఆయన రాజకీయ జీవితాన్ని నా నోరే ముంచిందని అమీర్‌పేటలో చాలామంది నమ్మకం. కూరగాయల బండి దగ్గర, పెళ్లి భోజనాల బంతిలో, చివరికి రక్తపరీక్షకు కూర్చున్న బెంచీ మీద కూడా ఈ కథ నా చెవిన పడింది. "మంత్రి అయ్యేటోడే. ఆమె టీవీల ముంగట మొత్తుకొని ముంచింది" అంటారు. ఇంకాస్త తెలివైనవాళ్లది వేరే కథ. ఆయన పార్టీ మారకుండా ఆపడానికి నేను పెద్ద నాటకం ఆడానట. ఆ నాటకం టీవీలో బాగానే పండిందట.

ఈ రెండు కథలు చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు ఆ గేటు దగ్గర లేరు. నేను ఉన్నాను. నేను చెప్పే కథలో నా వైపు న్యాయం కొంచెం ఎక్కువే పడుతుంది, పడనివ్వండి. ఇన్నాళ్లూ వాళ్ల వైపు పడింది కదా.

మా ఆయన సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసిన కార్మికుడి కొడుకు. ఆయన రాజకీయం మా గల్లీ వినాయకుడి మండపం దగ్గర మొదలైంది. ఖైరతాబాద్ విగ్రహమంత ఎత్తు పెట్టే స్తోమత మాకు లేదు. కానీ గొడవ లేకుండా ఊరేగింపు తీసి, గొడవ లేకుండా నిమజ్జనం చేయించి, తాగి పడిపోయినవాళ్లను ఇళ్లకు చేర్చగలడని పేరు వచ్చింది. తర్వాత నీళ్లు రాని బస్తీకి ట్యాంకర్, పొంగిన మోరీకి మనుషులు, చావు ఇంటికి టెంటూ కుర్చీలూ. ఎవరు పోయినా ముందు చేరేది ఆయనే. పెళ్లికి పిలవడం మరిచిపోతే ఏమీ అనుకోడు కానీ, చావు కబురు ఆలస్యంగా తెలిస్తే మాత్రం పీఏ మీద మండిపడేవాడు. అలా డివిజన్ అధ్యక్షుడు, కార్పొరేటర్, ఆ తర్వాత ఎమ్మెల్యే.

నేను అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు రాజ్యాంగం చెప్పేదాన్ని. ఆయన ఎమ్మెల్యే అయ్యాక కూడా మానలేదు. "ఎమ్మెల్యే పెండ్లామై పాఠాలు చెప్పుడేంది, మంది నవ్వుతరు" అనేవారు మా అత్త. "నవ్వుకోనీ అత్తమ్మా, రేపు ఓడిపోతే గీ పాఠాలే బువ్వ పెడ్తయి" అనేదాన్ని. ఆ మాట అన్నందుకు ఆవిడ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో ఓటమి అన్న మాట పైకి అనకూడదు.

గెలిచినవాడి ఇంట్లో ఎంత భయం ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. పంజాగుట్ట చౌరస్తాలో పార్టీ ఫ్లెక్సీ కడితే, అందులో తన ఫోటో ఎంత ఉందో చూడటానికి కారు నెమ్మది చేయించేవాడు మా ఆయన. పై వరసలో ఉంటే ఆ పూట అన్నం సహించేది. కింది వరసలోకి జారితే ఇంటికొచ్చి ఫోన్ల మీద ఫోన్లు. ఒకసారి ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీలోనో ఆయన ముఖం సగం ఇంకొకరి భుజం వెనక పడింది. అది ఫ్లెక్సీ షాపువాడి తప్పా, ఎవరైనా చెప్పి చేయించారా అని వారమంతా ఆలోచించాడు. నవ్వులాట కాదు. అట్లాంటి చిన్న చిన్న సంకేతాలతోనే అక్కడ మనుషుల్ని లేపుతారు, పడేస్తారు. చదవడం రానివాడు మునిగిపోతాడు.

ఆయనకు షుగర్ ఉందని కార్పొరేటర్‌గా ఉన్నప్పుడే బయటపడింది. మొదట మాత్రలు. ఎమ్మెల్యే టికెట్ ప్రయత్నాలు మొదలైన సంవత్సరం, మాత్రలతో లాభం లేదు, రోజూ ఇన్సులిన్ తీసుకోవాల్సిందే అని డాక్టర్ చెప్పాడు. అక్కడ్నుంచి మేమిద్దరం దాచడం మొదలుపెట్టాం.

ఎందుకు దాచారు, షుగర్ ఎవరికి లేదు అంటారు మీరు. మా గల్లీలో ఇంటికొకరికి ఉంది. కానీ మీకెవరూ టికెట్ ఇవ్వనక్కర్లేదు. మాకు తెలిసిన ఒక పాత నాయకుడికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఆయన సీటు కోసం ఆయన మనుషులే పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగారు. పరామర్శకు వచ్చినవాళ్లు మంచం పక్కన ఎన్ని సీసాలు వేలాడుతున్నాయో చూసి పోయారు. మా ఆయన కూడా ఆ పరామర్శకు వెళ్లాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అన్నాడు: "నా సంగతి ఎవనికీ తెల్వొద్దు. మా అమ్మకు సుత."

అత్తమ్మకు చెబితే బస్తీ మొత్తానికి చెప్పినట్టే, అది నిజమే. కాబట్టి ఆవిడ పాయసం చేస్తూనే ఉన్నారు, ఈయన తింటున్నట్టు నటిస్తూనే ఉన్నాడు. ఇన్సులిన్ పెన్ను ఫ్రిజ్‌లో ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో, పైన ఇంగువ పొట్లాలు కప్పి ఉండేది. వంటమనిషి ఆ డబ్బా తెరవకుండా ఉండాలని అది నా ఉపవాసాల డబ్బా అని చెప్పాను. మా ఆయనకు ఇంకో గొప్ప గుణం ఉంది, సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. లాఠీచార్జికి ఎదురు నిలబడ్డ మనిషి, గోరంత సూదికి ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. పొద్దున్నా సాయంత్రం పడకగది తలుపు గడియ వేసి నేనే పొడిచేదాన్ని. గడియ చప్పుడు విని బయట హాల్లో కూర్చున్న కార్యకర్తలు ఏమనుకునేవారో ఆలోచించడం మానేశాను.

అన్నిటికన్నా కష్టం లడ్డూలతో. రాజకీయాల్లో ఏ శుభం జరిగినా నాయకుడి నోట్లో లడ్డూ పెట్టాల్సిందే. "అన్నా, నోరు తీపి చెయ్యాలె" అంటూ ఒకడు పెడతాడు, వాడు పెట్టాడు కాబట్టి ఇంకొకడు పెడతాడు, ఫోటో సరిగ్గా రాలేదని మొదటివాడు మళ్లీ పెడతాడు. వద్దంటే వాడి కులాన్నో బస్తీనో అవమానించినట్టు. మా ఆయన దీనికో పద్ధతి కనిపెట్టాడు. లడ్డూను దవడకు నొక్కిపెట్టి, ఫోటో అయ్యాక ముఖం తుడుచుకుంటున్నట్టు రుమాల్లోకి వదిలేసేవాడు. గెలిచిన వారంలో నేను ఉతికిన రుమాళ్లు చీమలు పట్టి ఉండేవి. ఈ విద్యలో ఆయన ఎంత ఆరితేరాడంటే, మా ఆయన తీపి మనిషని బస్తీలో పేరు. ఎవరింటికి పోయినా డబుల్ కా మీఠా ముందు పెట్టేవారు.

ఎన్నికల ప్రచారంలో ఒకసారి పాదయాత్ర మధ్యలో రెండు పూటలు ఇన్సులిన్ తప్పింది. మూడో పూటకు వాంతులు, తర్వాత మత్తు. మాట తడబడి, నన్ను వాళ్ల అక్క పేరుతో పిలిచాడు. ఆసుపత్రిలో చేర్చి, బయట వైరల్ జ్వరం అని చెప్పించాం. డాక్టర్ నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు, ఈయన ఒంట్లో ఇప్పుడు ఇన్సులిన్ దాదాపు తయారు కావడం లేదు, ఇంకోసారి ఇలా తప్పితే మనిషిని లేపడం నా చేతుల్లో ఉండకపోవచ్చు అని. ఆ మాట ఆయనకు చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు. ఆయన ఊరు దాటితే నేనూ వెనకే పోయేదాన్ని. "ఎమ్మెల్యే గారికి భార్య మీద ఎంత ప్రేమో" అనేవారు. "ఆమె కొంగు వదల్దు" అనేవాళ్లూ ఉన్నారు. రెండిటికీ నవ్వేదాన్ని.

ఇక ఆ క్యాంపు.

పార్టీలో చీలిక వచ్చింది. ఏ పార్టీ, ఎవరి వర్గం అన్నది ఇక్కడ అనవసరం, అన్ని పార్టీల్లోనూ ఇదే తంతు. ఇటువాళ్ల దగ్గర ఎంతమంది, అటువాళ్ల దగ్గర ఎంతమంది అని తలలు లెక్కపెడుతున్న రోజులు. ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, బేగంపేటలో ఒక హోటల్లో మీటింగ్ అని. "అర్ధగంటల వస్త, టీ పెట్టి ఉంచు" అని చెప్పి వెళ్లాడు. సాయంత్రం సూది టైముకు రాలేదు. ఫోన్ స్విచాఫ్. నేను టీవీ పెట్టేసరికి, హోటల్ వెనక గేటు నుంచి తెరలు దించిన బస్సు ఒకటి బయటికి పోతూ కనబడింది. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి, ఎమ్మెల్యేలు క్యాంపుకు తరలుతున్నారని.

పీఏకి ఫోన్ చేశాను. "వదినమ్మా, ఫికర్ చేయకుండ్రి. అన్న మంచిగున్నడు. ఫోన్లన్నీ ఒక బుట్టల ఏసుకున్నరు, అందరియి. రూల్ గట్ల ఉన్నది."

"ఏడ ఉన్నరు?"

"గది నాకు సుత తెల్వదు వదినమ్మా."

"ఆయన మందు ఇక్కడే ఉన్నది. పంపాలె."

"ఏ మందు? గ్యాస్‌దా? గాడ డాక్టర్ ఉన్నడట, అన్నీ ఉన్నయట."

ఇన్సులిన్ అని ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఆ పీఏ మంచివాడే. కానీ రేపు ఇంకొకరి దగ్గర పీఏగా చేరాలి కదా. ఏళ్ల తరబడి ఒక మాటను దాచినవాళ్లకు ఆ మాట నోటికి అడ్డం పడుతుంది. నేను గ్యాస్‌దే అన్నాను. తర్వాత గోడకు తల కొట్టుకున్నాను.

ఆ రాత్రి సంగతి రాయను. మర్నాడు క్లాసుకు పోయాను, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. విచిత్రం చూడండి, ఆ రోజు పాఠం పదో షెడ్యూలు, ఫిరాయింపుల నిరోధక చట్టం. బోర్డు మీద రాస్తుంటే వెనక వరస నుంచి ఒకమ్మాయి లేచి అడిగింది: "మేడం, పోయినోళ్లు ఇష్టంతోని పోయిన్రా, ఎత్తుకపోయిన్రా అన్నది చట్టం ఎట్ల చూస్తది?" క్లాసు మొత్తం తల వంచుకుంది. వాళ్లందరికీ తెలుసు నేనెవరి భార్యనో. "చట్టం ఓటు చూస్తదమ్మా, మనిషిని చూడదు" అన్నాను. పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేసి ఇన్నేళ్లలో నేను చెప్పిన నిజమైన జవాబు అదొక్కటే కావచ్చు. సుద్దముక్క అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

క్యాంపు వ్యవహారం చూసే పెద్దమనిషి ఇల్లు పంజాగుట్టలో. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, ఎవరినీ ఒక్క మాట తూలడు, ఎవరినీ నమ్మడు. ఇంటికి పోయి, ఐస్ ముక్కలు వేసిన ఫ్లాస్కులో ఇన్సులిన్ పెన్ను పెట్టుకుని వెళ్లాను. కాఫీ ఇప్పించాడు.

"ఏంటమ్మా, ఇలా వచ్చారు? మీ వారు హాయిగా ఉన్నారు. పెళ్లివారిలా చూసుకుంటున్నాం."

"ఆయనకు మందు ఇవ్వాలండి. నేనే ఇవ్వాలి. ఐదు నిమిషాలు చాలు."

ఆయన నవ్వాడు. "చూడండమ్మా, నిన్నటి నుంచి నాకు వచ్చిన ఫోన్లన్నీ మందుల గురించే. ఒకరికి బీపీ, ఒకరికి తల్లి సీరియస్, ఒకరికి కూతురు పురుడు. అన్నీ నమ్మి గేటు తీస్తే సాయంత్రానికి నా దగ్గర వంటవాళ్లు తప్ప ఎవరూ మిగలరు. మీ వారికి ఏమిటి జబ్బు?"

మళ్లీ అదే చోటు. ఇప్పుడు చెప్పేస్తే మా ఆయన సీటు ఈ బల్ల మీదే పోతుంది. చెప్పకపోతే? నేను ఫ్లాస్కు గట్టిగా పట్టుకుని, కడుపులో ఏదో ఇబ్బంది అన్నాను.

"పిచ్చి తల్లీ, ఇదిగో చూడండి" అని ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఆ పొద్దున ఎవరిదో పుట్టినరోజట. పెద్ద హాలు. చప్పట్లు. మా ఆయన్ని మధ్యలో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరు తినిపిస్తున్నారు. ఒకాయన కేకు పెట్టాడు, ఇంకొకాయన లడ్డూ. నేను రుమాలు కోసం చూశాను. ఆయన చేయి జేబు దాకా వెళ్లింది. కానీ అక్కడ అందరూ నాయకులే, అందరి కళ్లూ పక్కవాడి నోటి మీదే. జేబులోంచి చేయి ఖాళీగానే వెనక్కి వచ్చింది. ఆయన నమిలాడు. మింగాడు. మళ్లీ నోరు తెరిచాడు. ఆ తర్వాత నీళ్ల సీసా ఎత్తి మొత్తం తాగేశాడు, ఇంకొకటి అందుకున్నాడు. పెదవులు తడుపుకుంటున్నాడు. కళ్లు లోపలికి పోయాయి.

"చూశారా, ఎంత హుషారుగా ఉన్నారో" అన్నాడు పెద్దమనిషి.

కాఫీ కప్పు కింద పెట్టి లేచాను. నాకు తెలిసిన దాహమే అది. పాదయాత్ర రోజు మొదలైంది కూడా అలాగే, సీసాల మీద సీసాలు.

బయటికొచ్చి మా కారులో కూర్చుంటే డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు. మా దగ్గర ఏళ్లుగా ఉన్న మనిషి, నన్ను భాభీ అంటాడు. "భాభీ, సాబ్‌కు ఏమన్న తక్లీఫా?" అన్నాడు. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకున్నాను. "సాబ్‌ను పెట్టిన జాగ నాకు తెల్సు" అన్నాడు.

"ఏమన్నవ్?"

"పొద్దుగాల ఎమ్మెల్యేలందరి బట్టలు డ్రైవర్ల చేతనే పంపించిన్రు భాభీ. కారుల ఎప్పటికీ ఉండే సాబ్ పెట్టె నేనే ఇచ్చొచ్చిన. బయట గేటు కాడ తీసుకున్నరు, లోపటికి రానియ్యలే. ఎవరికీ చెప్పనని నాతోని ఒట్టు వేయించుకున్నరు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

"మీరు ఏడుస్తున్నరు గదా" అన్నాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు.

ఊరి బయట తోటల మధ్య ఒక రిసార్ట్. దారి పొడవునా నేను ఫ్లాస్కు మూత తెరిచి మూస్తూ కూర్చున్నాను. డ్రైవర్ హారన్ మీదే కోపం తీర్చుకున్నాడు. గేటు ముందు పోలీసులు, ప్రైవేటు గార్డులు, టీవీ బండ్లు. ఎండ మండుతోంది. గార్డు దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను, ఎమ్మెల్యే గారి భార్యను, ఐదు నిమిషాలు లోపలికి వదలండి అని. లోపలికి ఫోన్ చేసి తల అడ్డంగా ఊపాడు. పోలీసాయన్ని అడిగాను. "మేడం, మాది బయట డ్యూటీ. లోపల సంగతి లోపలోళ్లదే." కనీసం ఆయనతో ఫోన్‌లో మాట్లాడించండి అన్నాను. గార్డు మళ్లీ లోపలికి ఫోన్ చేసి, కొంతసేపు విని నా వైపు తిరిగాడు.

"సార్ పండుకున్నరంట అమ్మా. పొద్దుగాల కేకు కోసినప్పటి నుంచి లేస్తలేరంట. లేపితే మళ్ల పండుకుంటున్నరంట. మస్తు అలిసినట్టున్నరు."

మధ్యాహ్నం పూట తెల్లబట్టలు వేసుకుని పదిమంది ముందు కనబడాల్సిన మనిషి, పడుకున్నాడట. లేపితే లేవడం లేదట.

ఈలోగా టీవీవాళ్లు నన్ను గుర్తుపట్టారు. మైకులు ముందుకొచ్చాయి. "మేడం, సార్‌ను నిర్బంధించారా? మీరు పార్టీ మారడాన్ని వ్యతిరేకిస్తున్నారా?" నేను చేతులు జోడించి వద్దనబోయాను. అంత భయంలోనూ నా బుర్ర లెక్కలు వేస్తూనే ఉందంటే మీరు నమ్మాలి. కడుపు నొప్పి అంటే గేటు తీస్తారా? తల్లికి బాగాలేదు అంటే? పెద్దమనిషి నవ్వు గుర్తొచ్చింది. అబద్ధాలన్నీ నాకంటే ముందే వేరేవాళ్లు వాడేశారు. నా దగ్గర మిగిలింది నిజం ఒక్కటే, దాన్ని మా ఇంట్లో ఎప్పుడూ బయటపెట్టలేదు.

ఫ్లాస్కులోంచి పెన్ను తీసి పైకి పట్టుకున్నాను.

"మా ఆయనకు షుగర్ ఉన్నది. ఇది ఇన్సులిన్. నిన్నటి నుంచి ఇయ్యలే. లోపట మనిషి లేస్తలేడు. పార్టీ మీరే ఉంచుకోండ్రి, నా మనిషిని నాకియ్యుండ్రి. గేటు తీస్తరా, చచ్చినంక తీస్తరా?"

అదే నేనన్న మాట. అంతకు మించి ఒక్క అక్షరం కూడా అనలేదు. తర్వాత టీవీలో తిప్పి తిప్పి వేశారు కాబట్టి మొత్తుకున్నట్టు అనిపిస్తుంది. ఒక్కసారే అన్నాను.

పెద్దమనిషికి టీవీ ఉన్నట్టుంది. గేటు తెరుచుకుంది.

ఏసీ గదిలోకి పరుగెత్తాను. మా ఆయన మంచం మీద అడ్డంగా పడి ఉన్నాడు, ఊపిరి బరువుగా, వేగంగా తీస్తున్నాడు. మగ్గిన పండ్ల వాసన లాంటిది ఆయన నోటి నుంచి వస్తోంది. పాదయాత్ర రోజు నుంచి ఆ వాసన నాకు తెలుసు. ఇక్కడ సూదితో సరిపోయేది కాదని కూడా తెలుసు. డ్రైవర్, ఇద్దరు గార్డులు మోసుకొచ్చి కారులో వేశారు. ఒడిలో తల పెట్టుకుని పంజాగుట్ట ఆసుపత్రి దాకా ఆయన పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. పెళ్లయ్యాక ఎప్పుడూ పేరు పెట్టి పిలిచిన దాన్ని కాదు. ఒక సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఊపిరి కూడా ఆగినట్టనిపించింది. "నడుపు భాయ్, ఎర్రలైటు పచ్చలైటు చూడకు" అని అరిచాను. ఆయన ఛాతీ మీద చేయి వేసి ఉంచాను, అది లేస్తున్నంతసేపే నాకూ ఊపిరి ఆడింది.

బతికాడు. తెలివి రావడానికి చాలాసేపు పట్టింది. కళ్లు తెరిచి, నన్ను చూసి, గొట్టాల మధ్య నుంచి ఆయన అన్న మొదటి మాట: "ఎందుకు చెప్పినవ్?"

నేను కొట్లాడే మనిషినే. కానీ ఆ పూట దుప్పటి పైకి లాగి కప్పాను. నర్సు వినలేదన్నట్టు సెలైన్ సరిచేసింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. త్వరగా కోలుకోవాలని ఫ్లెక్సీలు వెలిశాయి, ఆయన ఫోటో ఎప్పుడూ లేనంత పెద్దగా వేసి. ఫ్లెక్సీ కట్టించినవాళ్ల ఫోటోలు కింద వరసలో ఉన్నాయి. వాళ్లలోనే ఒకాయనకు వచ్చే ఎన్నికల్లో టికెట్ దొరికింది. ఆరోగ్యం దృష్ట్యా అని మా ఆయనకు చాలా గౌరవంగా చెప్పారు. శాలువా కూడా కప్పారు. ఇప్పుడు ఇంట్లో ఉంటాడు. చావు ఇళ్లకు ఇంకా పోతాడు, కానీ ముందు కాదు, అందరితో పాటు. ఎవరైనా నా ముందే ఆ కథ ఎత్తితే, "ఆమె జర గాబరా పడ్డది" అని చిరునవ్వు నవ్వుతాడు. అవునని అనడు, కాదని అనడు. అది ఆయనకు బాగా అలవాటైన విద్య.

ఆ నవ్వుకు కూడా నేను ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లకు, క్యాంపులో పెట్టిన డాక్టర్ నాకు ఒక పెళ్లిలో కనబడ్డాడు. కుర్రవాడు, నన్ను చూసి తప్పించుకోబోయాడు. పట్టుకుని అడిగాను, మీరు అక్కడ ఉండి ఏం చేశారని. చేతులు నలుపుకుంటూ చెప్పాడు. ముందురోజు సాయంత్రమే మా ఆయన అన్ని నీళ్లు తాగడం చూసి అనుమానం వచ్చిందట. గదిలోకి తీసుకెళ్లి, తలుపు మూసి, ఎవరికీ చెప్పను సార్ అని మాటిచ్చి అడిగాడట: "మీకు షుగర్ ఉందా?" మా ఆయన నవ్వి, "నాకా? నేను తీపి మనిషిని డాక్టర్ సాబ్" అన్నాడట. వేలి మీద చిన్న సూది పొడిచి చూస్తానంటే చేయి వెనక్కి తీసుకున్నాడట. సాయంత్రం సూది టైము దాటిపోయిందని ఆయనకు తెలుసు. పాదయాత్ర సంగతి తెలుసు. అప్పుడు ఆసుపత్రి డాక్టర్ నాకు చెప్పిన మాట నేను ఆయనకూ చెప్పి ఉన్నాను. అన్నీ తెలిసి, లేదన్నాడు.

ఇంటికొచ్చి అడిగాను. పేపర్ చదువుతున్నాడు. పేజీ తిప్పాడు. మళ్లీ అడిగాను, ఇంకో రోజు, సూది పొడుస్తూ, పారిపోవడానికి వీల్లేకుండా. ముఖం గోడవైపే పెట్టుకుని, "అయిపోయిన ముచ్చట" అన్నాడు. కాలేదు, నాకు కాలేదు. నేను ఆ గేటు దగ్గర ఎవరికి భయపడ్డానో నాకు తెలుసు, ఎందుకు నోరు విప్పానో తెలుసు. నాకు తెలియనిది ఆయన సంగతి. ఆ గదిలో మైకులు లేవు, ఫోటోలు లేవు, టికెట్ ఇచ్చేవాళ్లు లేరు, అడిగినవాడు ప్రాణం కాపాడటానికి అడిగాడు. తలుపు మూసి ఉంది. ఇద్దరే ఉన్నారు.

అక్కడ కూడా ఎవరికి భయపడి లేదన్నావయ్యా?